దైవాశీర్వాదం గారి తొమ్మిదో ఓటు

దైవాశీర్వాదం గారికి ఒకటే జబ్బు. తనకి ఇష్టమైనదానికి చచ్చినా ఓటెయ్యరు. అభిమానం కొద్దీ నేను జబ్బు అంటున్నాను. మా ఆయన వాడే మాట ఇంకా ముతకగా ఉంటుంది, ఇక్కడ రాయకూడదు.

జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర ఒక అమెరికన్ చర్చి వాళ్ళని బతిమాలి, వాళ్ళ బేస్‌మెంట్‌లో డెబ్భై ఎనిమిదిలో మేమొక తెలుగు సహవాసం పెట్టుకున్నాం. ఆదివారం మధ్యాహ్నం ప్రార్థన, ప్రార్థన తర్వాత భోజనం, భోజనం తర్వాత మీటింగు, మీటింగు తర్వాత తలనొప్పి. ఆ బేస్‌మెంట్‌కి ఉన్న ఒక్క కిటికీలోంచి రోడ్డు మీద పోయేవాళ్ళ బూట్లు మాత్రమే కనిపించేవి. ఆడవాళ్ళలో సగంమందిమి నర్సులం, నిద్ర చాలక కళ్ళు మండుతూ ఉండేవి. మగవాళ్ళలో సగంమందికి చదివిన చదువుకీ చేస్తున్న ఉద్యోగానికీ ఏ సంబంధమూ లేదు. మొత్తం మీద దేవుడు మమ్మల్ని మర్చిపోలేదు కదా అని వారానికోసారి వచ్చి కనుక్కుని వెళ్ళే జనం అన్నమాట.

కమిటీలో ఎనిమిది కుటుంబాలు. నాలుగు గుంటూరు వైపు, నాలుగు గోదావరి వైపు. కుటుంబానికి ఒక ఓటు. చైర్మన్ తొమ్మిదోవారు. ఓట్లు సరిసమానమైతే తప్ప ఆయన చెయ్యెత్తకూడదు. ఈ రూలు రాసుకున్నప్పుడు మాకు మహా ముచ్చటేసింది. తర్వాత తెలిసింది, మావాళ్ళు కలిసి తింటారు, కలిసి పాడతారు, ఓటు మాత్రం జిల్లాల వారీగా వేస్తారని. మంచినీళ్ళు ఏ గ్లాసుల్లో పొయ్యాలన్నా నాలుగు–నాలుగే. ఇంకో సంఘంలో చైర్మన్ ఓటు ఏ పదేళ్ళకో ఒకసారి అవసరమవుతుందేమో. మా దగ్గర అది వారం వారం తాగే కాఫీ.

ఆ చైర్మనే మన దైవాశీర్వాదం గారు. బాపట్ల మనిషి. మాన్‌హాటన్‌లో వంతెనలు కట్టే కంపెనీలో డ్రాయింగులు గీసేవారు. పొడుగ్గా, సన్నగా, మెడకి మఫ్లరు, బాపట్ల దర్జీ కుట్టిన గోధుమరంగు కోటు. మీటింగులో బల్ల మీద కొట్టడానికి చెక్క సుత్తి దొరక్క వాళ్ళింట్లోంచి పప్పుగుత్తి తెచ్చారు. తెచ్చింది తెచ్చినట్టే బేస్‌మెంట్‌లో ఉండిపోయింది.

"సంఘం పెట్టినప్పట్నుంచీ మా ఇంట్లో పప్పు పలుకుగానే ఉంటోంది విమలా, దేవుడు చూస్తున్నాడు" అనేవారు ఆయన భార్య మణి గారు.

ఓట్లు సమానమయ్యాయని సెక్రటరీనైన నేను చెప్పగానే ఆయన లేచి నిలబడేవారు. కోటుకి బొత్తాలు పెట్టుకునేవారు. పప్పుగుత్తి ఒకసారి మోగేది. మొదట తన ఇష్టమేమిటో చెప్పేవారు, తర్వాత "కుర్చీకి ఇష్టం ఉండకూడదు" అనేవారు, ఆ తర్వాత తన ఇష్టానికి సరిగ్గా వ్యతిరేకంగా ఓటేసి కూర్చునేవారు.

మొదటి క్రిస్మస్‌కే ఈ సంగతి బయటపడింది. క్రిస్మస్ భోజనం బిర్యానీ వండుకుందామని గుంటూరు వాళ్ళు, షాపులో శాండ్‌విచ్‌లు చెప్పేద్దామని గోదావరి వాళ్ళు. నాలుగు–నాలుగు. ఆయన లేచారు.

"నాకు బిర్యానీ అంటే ప్రాణం. రాత్రి కలలో కూడా వచ్చింది."

గుంటూరు వాళ్ళు చప్పట్లు కొట్టారు.

"కుర్చీకి ఇష్టం ఉండకూడదు. కాబట్టి నా ఓటు శాండ్‌విచ్‌కి."

యేసయ్య పుట్టినరోజున చల్లటి రొట్టెలు నమిలాం. గుంటూరు వాళ్ళు ఆయన్ని తిట్టారు. శాండ్‌విచ్ నోట్లో పెట్టుకున్నాక గోదావరి వాళ్ళు కూడా తిట్టారు. రెండు జిల్లాలూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే మనిషిని తిట్టుకుంటూ తినడం అదే మొదలు. మా సిస్టర్స్ మాత్రం ఎవరికీ వినపడకుండా స్తోత్రం చెప్పుకున్నాం. డ్యూటీ దిగొచ్చి వందమందికి బిర్యానీ వండే ఓపిక మాలో ఎవరికీ లేదు.

ఆ తర్వాత హార్మోనియం గొడవ. దాన్ని తీసేసి ఎలక్ట్రిక్ కీబోర్డు కొందామని ప్రతిపాదన. హార్మోనియం వాయించే పెద్దాయనకి అప్పటికే చెవులు సరిగ్గా వినపడవు. పాట మూడో చరణంలో ఉంటే ఆయన ఇంకా పల్లవిలో ఉండేవారు. మళ్ళీ నాలుగు–నాలుగు. "నాకు ఆ హార్మోనియం వింటే ఒళ్ళు జలదరిస్తుంది. కీబోర్డు కావాలని రోజూ ప్రార్థన చేస్తున్నాను" అన్నారు చైర్మన్. అని హార్మోనియానికి ఓటేశారు. పెద్దాయనకి ఇదంతా వినపడలేదు. వచ్చే ఆదివారం ఏ పాట అని అడిగారు.

ఇంత జరిగాక మావాళ్ళు ఊరుకుంటారా? కిటుకు పట్టేశారు. చైర్మన్‌కి ఏది ఇష్టమైతే అది ఓడిపోతుంది. కాబట్టి మనకి కావలసినదాని మీద ఆయనకి అసహ్యం పుట్టించాలి. ఈ విద్యలో ఆనందబాబుని మించినవాడు లేడు. రాజమండ్రి మనిషి, నోరు పెద్దది. పిక్నిక్‌కి సముద్రం దగ్గరికి వెళ్ళాలని అతని కోరిక. అందుకని శనివారం పొద్దున్నే చైర్మన్ ఇంటికి వెళ్ళి, "అన్నయ్యగారూ, ఆ సముద్రం కంపు భరించలేం. ఇసకంతా చెత్త. పిల్లలకి గజ్జి వస్తుందంట" అని కాఫీ తాగి వచ్చాడు. సాయంత్రం గుంటూరు వాళ్ళు వెళ్ళి, "పార్కులో దోమలు మనిషిని ఎత్తుకుపోతున్నాయి" అని చెప్పి వాళ్ళూ కాఫీ తాగి వచ్చారు. మణి గారు కాఫీపొడి డబ్బా బోర్లించి చూపించారు.

"ఇంట్లో మీ ఇద్దరికీ మాట తేడా వస్తే ఎలా వదినా?" అని అడిగాను ఒకసారి.

"ఇద్దరమే కదా, ఎప్పుడూ సమానమే. ఆయన లేచి కోటు బొత్తాలు పెట్టుకుంటారు. నా మాటే నెగ్గుతుంది. ఇలాంటి మొగుడు ఊరికే దొరకడు" అన్నారావిడ.

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో దేవకుమార్ పోయాడు.

నలభై రెండేళ్ళ మనిషి. న్యూయార్క్ నుంచి వచ్చే పాత్ ట్రైన్ దిగి స్టేషన్ మెట్లెక్కుతూ గుండె పట్టుకుని కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. కాకినాడ వాడు. వాళ్ళావిడ శశికళ నా వార్డులోనే నర్సు. కూతురు రేణుకి తొమ్మిదేళ్ళు. మా సహవాసం పెట్టాక మాలో ఒకరు పోవడం అదే మొదటిసారి. ఎంతమందికి పుట్టినరోజు పాటలు పాడామో గానీ భూస్థాపన ఎలా జరపాలో మాలో ఎవరికీ తెలియదు. ఆ వారమంతా మంచు కురుస్తూనే ఉంది. ఎవరింటికి ఫోన్ చేసినా అవతల గొంతులు అణిగిపోయి ఉండేవి. అంతవరకు చావంటే ఊళ్ళో ముసలివాళ్ళకి వచ్చేదనీ, టెలిగ్రాములో తెలిసేదనీ అనుకున్నాం. అది ఇక్కడికి కూడా వస్తుందని మా ఎవరికీ తోచలేదు.

కాకినాడ నుంచి దేవకుమార్ అన్నలు ఫోన్ చేసి శవాన్ని పంపించమన్నారు. శశికళ పంపనంది. "అక్కడ పెడితే నేను ఏ మూడేళ్ళకో ఒకసారి వెళ్ళి చూస్తాను. రేణు ఎప్పుడు చూస్తుంది? ఇక్కడే పెడతాను. కానీ అక్కా, ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య ఆయన్ని ఒక్కణ్ణే వదిలి రాలేను. ఆయనకి నిమిషం ఒంటరిగా ఉంటే తోచదు, నీకు తెలుసు కదా" అంది.

ఊరి చివర గుట్ట మీదున్న సమాధుల తోటలో ఒక వరస ఖాళీగా ఉంది. వరస మొత్తం ఒకే సంఘం తీసుకునేట్టయితే ఇస్తామన్నారు. అంటే మా కుటుంబాలన్నీ కలిసి మా మా చోట్లు ముందే తీసుకోవాలి. తీసుకుంటే దేవకుమార్‌ని అక్కడ పెట్టొచ్చు, రేపో మాపో అతని చుట్టూ మనవాళ్ళే ఉంటారు. లేకపోతే ఎక్కడ ఒక్క గొయ్యి దొరికితే అక్కడ, ఎవరి మధ్యనో. శనివారం సాయంత్రం లోపల చెప్పెయ్యాలి. శవం అక్కడ ఫ్యూనరల్ హోంలో ఎదురుచూస్తోంది.

పుణ్యకార్యమే కదా, అందరూ సరేనంటారనుకున్నాను. అబ్బే! మావాళ్ళకి ఊపిరాడలేదు. మాలో ప్రతి ఇంట్లోనూ ఒక మాట ఉండేది: ఇంకో రెండేళ్ళు, ఆ తర్వాత వెళ్ళిపోతాం. ఆనందబాబు ఇంట్లో అయితే సూట్‌కేసులు మంచం కిందకి కూడా తొయ్యలేదు, గోడవారగా నిలబెట్టే ఉండేవి. ఎలాగూ వెళ్ళిపోతాం కదా అని సోఫా కొనలేదు. ఎవరొచ్చినా మడతకుర్చీల్లో కూర్చోబెట్టేవాడు.

"గొయ్యి కొనుక్కున్నాక ఇంక టికెట్ ఎవడు కొంటాడండీ?" అన్నాడు నాతో.

భయపడ్డా విద్య మర్చిపోలేదు. శుక్రవారం నేను చైర్మన్ ఇంటికి వెళ్ళేసరికి అక్కడే ఉన్నాడు. ఆ స్థలం మీద ఆయనకి ఇష్టం పుట్టించి ఓడించాలని చూస్తున్నాడు.

"ఎంత బాగుందనుకున్నారు అన్నయ్యగారూ! చుట్టూ చెట్లు. గుట్ట మీంచి నది కనిపిస్తుంది. ఎండ కూడా బాగా తగులుతుంది. మీలాంటివారికి ఎంత హాయి!"

"ఏం హాయి! ఎముకలు కొరికే చలి" అన్నాను నేను వెంటనే. మరి నాది గెలిపించే పక్షం. "నేలంతా గడ్డకట్టి రాయిలా ఉంది. పక్కనే హైవే, లారీల రొద. అలాంటిచోట ఎవరైనా పడుకుంటారా అన్నయ్యగారూ?"

వెనకాల ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. వంటింటి గుమ్మంలో శశికళ. మణి గారు అన్నం పెడదామని తీసుకొచ్చారట. నేనన్నదంతా విన్నది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆనందబాబు తన బూట్లకేసి చూసుకుంటున్నాడు.

శశికళ మా ఇద్దర్నీ దాటుకుని ముందుకొచ్చింది. "అన్నయ్యగారూ, నిజంగా మీ మనసులో ఏముంది?" అని మాత్రం అడిగింది.

"కుర్చీకి మనసు ఉండదమ్మా" అన్నారాయన. అని మఫ్లరు సర్దుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. ఆ పప్పుగుత్తితో ఆయన్నే ఒకటి మొత్తాలనిపించింది.

శనివారం మధ్యాహ్నం బేస్‌మెంట్‌లో మీటింగు. మొదటే ఒకాయన లేచి, ఓటు కుటుంబ పెద్దది కదా, దేవకుమార్ లేడు కాబట్టి ఆ ఇంటికి ఓటుందా అని అడిగాడు. చైర్మన్ తలెత్తకుండానే, "ఆ ఇంటికి పెద్ద ఇప్పుడు ఆ అమ్మాయే. కూర్చోండి" అన్నారు. ఆయన కూర్చున్నాడు.

చేతులెత్తారు. లెక్కపెట్టాను. గుంటూరు వాళ్ళలో ఇద్దరు కావాలన్నారు, ఇద్దరు వద్దన్నారు. గోదావరి వాళ్ళలోనూ అంతే. మా చరిత్రలో జిల్లాలు కలిసిపోయింది ఆ ఒక్కసారే. అయినా నాలుగు–నాలుగే. రేడియేటర్ టకటకమని కొట్టుకుంటోంది.

దైవాశీర్వాదం గారు లేచి కోటు బొత్తాలు పెట్టుకున్నారు. ఒక బొత్తాం తప్పు కంతలో పడింది.

"నా ఇష్టం బాపట్ల. మా అమ్మ సమాధి పక్కన చోటుంది. అక్కడే పడుకోవాలని ఎప్పట్నుంచో నా కోరిక. కుర్చీకి ఇష్టం ఉండకూడదు. కాబట్టి నా ఓటు…"

"ఆగండన్నయ్యా!"

శశికళ లేచింది. కన్నీళ్ళు ధారలుగా కారిపోతున్నాయి. "మీ అమ్మగారి పక్కన చోటు నా మూలంగా వదులుకుంటారా? నాకొద్దు. ఆయన్ని ఎక్కడో ఒకచోట నేనే పెట్టుకుంటాను. నా ప్రపోజల్ వెనక్కి తీసుకుంటున్నాను, రాసుకో అక్కా."

నా చేతిలో పెన్ను కదల్లేదు. అప్పుడు వెనక వరసలోంచి మణి గారు లేచారు. మీటింగులో ఆవిడ నోరు విప్పడం నేను ఎరగను.

"అదంతా అబద్ధమే శశీ! వాళ్ళమ్మ పక్కన చోటెక్కడిది? అక్కడ వాళ్ళన్నయ్య పడుకుని ఆరేళ్ళయింది. ఇటుపక్క నడవడానికే దారి లేదు. ఈయనకి బాపట్లలో ఉండాలనీ లేదు, ఏమీ లేదు. పదిరోజులకని వెళితే నాలుగోరోజుకి పెట్టె సర్దమంటాడు."

"మణీ, కూర్చో" అన్నారు చైర్మన్.

"కూర్చోను. బిర్యానీ అంటే ప్రాణమని చెప్పినప్పుడు ఊరుకున్నాను. ఈయనకి మసాలా పడితే కదా! ఒక్క ముద్ద తింటే తెల్లార్లూ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటాడు. మీకు వండే ఓపిక లేదని ఈయనకి తెలుసు, అందుకని ఆ అబద్ధం. ఆ పెద్దాయన చేతిలోంచి హార్మోనియం లాక్కుంటే మళ్ళీ ప్రార్థనకి రాడని ఇంకో అబద్ధం. అవన్నీ పోనీ. రేపు నేను ఎక్కడ పడుకోవాలో కూడా అబద్ధం చెబితే ఎలా ఊరుకోను?"

ఇన్నేళ్ళూ ఈ మనిషి తన ఇష్టాన్ని ఓడించాడనుకుని తిట్టుకున్నాం. ఓడించిందేమీ లేదు. ఎవరికి అవసరమో చూసుకుని, దానికి ఎదురుగా ఒక ఇష్టాన్ని అప్పటికప్పుడు కల్పించుకుని చెప్పేవాడు. మహానుభావుడు!

"ఎందుకన్నయ్యా ఇదంతా?" అన్నాను.

ఆయన పప్పుగుత్తిని అటూ ఇటూ తిప్పారు. "ఫలానావాళ్ళ కోసం వేశాను అంటే ఓడినవాళ్ళకి వాళ్ళ మీద కోపం రాదా అమ్మా? తిట్లన్నీ నాకొక్కడికే వస్తే మీరందరూ కలిసి భోంచేస్తారు కదా. చేశారు కూడా."

"అదంతా సరేనండీ" అని ఆనందబాబు లేచాడు. పాపం, మునిగిపోయేవాడు కొయ్యముక్క పట్టుకున్నట్టు రూలు పట్టుకున్నాడు. "మీ అసలు ఇష్టం ఇక్కడే అని తేలిపోయింది. కుర్చీకి ఇష్టం ఉండకూడదని మీరే అన్నారు. ఆ లెక్కన మీ ఓటు ఇప్పుడు వద్దు అనేదానికే పడాలి. అవునా కాదా?"

అందరి తలలూ చైర్మన్ వైపు తిరిగాయి. అవును మరి, ఆయన మాట ప్రకారం అంతే. శశికళ పక్కనే కూర్చున్న రేణు చెయ్యి పట్టుకుని నిలబడే ఉంది.

"అవును ఆనందబాబూ. అలాగే పడాలి" అన్నారు దైవాశీర్వాదం గారు. కోటు బొత్తాలు విప్పేశారు.

"నాకూ భయంగానే ఉందయ్యా. నీకే కాదు. కానీ మనవాడు ఒకడు అక్కడ పెట్టెలో పడుకుని మనకోసం చూస్తుంటే, మనం ఇక్కడ కూర్చుని ఊళ్ళు తలచుకుంటున్నాం. నాకు ఇక్కడే ఇష్టం. దేవకుమార్ ఉన్న వరసలోనే ఇష్టం. నా ఓటు నా ఇష్టానికే వేస్తున్నాను. తిట్టుకోండి."

ఎవ్వరూ తిట్టలేదు. కళ్ళు తుడుచుకునే పనిలో ఉన్నాం. ఆనందబాబు మాత్రం కోటు తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి అతని బూట్లు మంచులో వెళ్ళిపోవడం కనిపించింది.

సోమవారం భూస్థాపన. చలి గురించి నేను చెప్పిందంతా నిజమే. మిషను పెట్టి నేల పగలగొట్టారు. నది కనిపిస్తుందని ఆనందబాబు చెప్పింది మాత్రం కోత. కనిపించింది ఒక టైర్ల గోడౌను. దైవాశీర్వాదం గారు వాక్యం చదివారు, పెద్దాయన హార్మోనియం లేకుండానే పాట ఎత్తుకున్నారు. మట్టి వేశాం. గడ్డకట్టిన మట్టి పెట్టె మీద పడుతుంటే చప్పుడు పెద్దగా వస్తోంది. రేణు చెవులు మూసుకుంది.

అంతా అయిపోయి కార్లకేసి కదులుతుండగా ఆనందబాబు వచ్చాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తిన్నగా వెళ్ళి దేవకుమార్ పక్కన తెల్లటి మంచు మీద నిలబడి, బూటుతో గట్టిగా తొక్కి చూశాడు.

"ఈ చోటు నాది. రాసుకోండి సెక్రటరీ గారూ."

"మరి మీ టికెట్టో?" అన్నాను.

"టికెట్ సంగతి టికెట్‌దే. ఈలోపల వీడొక్కడే ఉంటే ఊరుకుంటాడా? నా కలలోకొచ్చి మాట్లాడి మాట్లాడి చంపుతాడు."

శశికళ ముక్కు తుడుచుకుంటూ, "ఆయన గురక పెడతారన్నయ్యా" అంది.

ఆనందబాబు ఆలోచించాడు. ఒక అడుగు పక్కకి జరిగి, ఇంకో చోట నిలబడ్డాడు. "అయితే మధ్యలో ఒకటి వదిలేస్తాను."

"అది నాది" అంది శశికళ.

దైవాశీర్వాదం గారు గొంతు సవరించుకున్నారు.

"చోటు నీదేనమ్మా, అందులో తగాదా లేదు. నువ్వు ఎప్పుడొస్తావన్న విషయం మాత్రం నేను చైర్మన్‌గా ఉన్నంతకాలం చర్చకు రానివ్వను."

శశికళకి నవ్వొచ్చేసింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. వాళ్ళమ్మ నవ్వడం చూసి రేణు చెవుల మీంచి చేతులు తీసేసింది.